అడగని పిల్ల

“కుక్క ఎప్పుడైనా యజమాని తిన్నాకే తినాలి” అన్నారు మా ఆయన, కడుక్కున్న చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ. నేనప్పుడు పళ్ళాల్లో మిగిలినవి గీకి చెత్తబుట్టలో వేస్తున్నాను. “అప్పుడే దానికి ఇంట్లో తన స్థానం ఏంటో తెలుస్తుంది. లేకపోతే నెత్తికెక్కి కూర్చుంటుంది.”

నెత్తికెక్కి కూర్చోవడానికి అది ఎంతుందని. తెచ్చిన రోజు నా అరచేతిలో పెడితే వేళ్ళ దగ్గర ఇంకా ఖాళీ మిగిలింది. ఈ జాతి పెద్దయ్యాక కూడా చేతిసంచిలో పట్టేంతే ఉంటుందట. మా అమ్మాయి దాన్ని చూడగానే “ఇదేంటి, గింజంత ఉంది” అంది. అప్పట్నుంచీ దాని పేరు గింజ. కావాలని గొడవ చేసింది అమ్మాయి. తెచ్చి మంచి పేరు కొట్టేసింది వాళ్ళ నాన్న. ఎత్తుకుని ముద్దులాడి ఫొటోలు తీసేది ఇద్దరూ. కింద పరిచిన పాత పేపర్లు తియ్యడం, నేల తుడవడం, దాని గిన్నె కడగడం, కుయ్‌మంటే లేచి చూడటం, ఇవన్నీ ఎవరి పనులని ఎవరూ అనుకోలేదు. అనుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఈ ఇంట్లో పనికి కాళ్ళుంటాయి. తిన్నగా నా దగ్గరికే నడిచొస్తుంది.

మా ఆయనది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటారు. ఆ కారులో ఆయన కాలి దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగు వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది, బండి ఆపేది మాత్రం ఈయన. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. నేను ఏదన్నా కొంచెం పొడుగు మాట మొదలుపెట్టానా, ఆయన కుడికాలు నేలని మెల్లిగా నొక్కుతుంది. ఆ సంగతి ఆయనకే తెలియదు. నాకు తెలుసు. పెళ్ళయినప్పట్నుంచీ అక్కడే ఆగిపోతున్నాను కదా.

అందుకే కుక్క విషయంలోనూ ఆగిపోయాను. ఇంట్లో తిండికి ఒక వరస ఉంది. ముందు ఆయన, అత్తయ్య కూర్చుంటారు, పక్కన అమ్మాయి. నేను వేడివేడిగా వడ్డిస్తాను. ఎవరికి ఏది తక్కువైందో చూస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడుగుతూ గరిటె పట్టుకుని నిలబడతాను. వాళ్ళు లేచాక టేబుల్ తుడిచి, గిన్నెల్లో అడుగున ఉన్నవి నేను తింటాను. ఇన్నాళ్ళూ వరసలో చివరిదాన్ని నేనే. ఇప్పుడు నా వెనక ఇంకొకటి చేరింది. నిజం చెప్పొద్దూ, మొదట్లో అది నాకు ప్రమోషన్ ఇచ్చినట్టే అనిపించింది.

పొద్దున్నపూట అయితే ఆ వరసలో నాదాకా రాకుండానే టైం అయిపోతుంది. అమ్మాయిని స్కూలుకి పంపి, ఆయన డబ్బా కట్టి, అత్తయ్యకి కావలసినవి అందుబాటులో పెట్టి, సగం కప్పు కాఫీ గొంతులో పోసుకుని పరిగెడతాను. ఆమధ్య ఒక రోజు స్టవ్ ముందు నిలబడి ఉండగానే కళ్ళు బైర్లు కమ్మాయి. గట్టు పట్టుకుని అలాగే జారి నేల మీద కూర్చుండిపోయాను. ఒళ్ళంతా చల్లటి చెమట. చెవుల్లో హోరు. హోరు తగ్గాక మొట్టమొదట వినిపించింది ముందుగదిలోంచి మా ఆయన గొంతు. “ఏమోయ్, కాఫీ ఏమైంది?” లేచి తీసుకెళ్ళి ఇచ్చాను. చెయ్యి వణికి కాస్త సాసర్లో ఒలికింది. “ధ్యాస ఎక్కడుంటుందో నీకు” అన్నారు. నా ధ్యాస ఎక్కడుందా అని ఆ రోజంతా నేను కూడా వెతుక్కున్నాను, పిచ్చిదాన్ని.

నేను పనిచేసేది కళ్ళద్దాల షాపులో. ఫ్రేములు చూపించడం, ముక్కు మీద సరిగ్గా కూర్చునేలా వంచి సరిచెయ్యడం, ఊడిపోయిన స్క్రూలు బిగించడం నా పని. కళ్ళద్దాల స్క్రూ ఎంతుంటుందో మీకు తెలుసుకదా, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. దాన్ని పట్టుకారుతో పట్టి బెజ్జంలో నిలబెట్టాలి. నా చేతికి మొదట్లో మంచి పేరుండేది. ఈమధ్య మధ్యాహ్నం దగ్గరపడే వేళకి వేళ్ళు వణకడం మొదలయింది. స్క్రూ పడిపోవడం, నేను కౌంటరు కింద మోకాళ్ళ మీద పాకుతూ వెతుక్కోవడం, పైనుంచి మేనేజరుగారు “ఏంటమ్మా, చెయ్యి వణుకుతోంది, వయసు మీదపడిందా” అనడం. ఆయన సరదాగానే అంటారు. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా సరదాగానే నవ్వుతారు. షాపులోనూ భోజనానికి నేనే చివర. “కౌంటరు ఖాళీగా ఉండకూడదు, ఆడమనిషి ఉంటే కస్టమర్లకి బాగుంటుంది” అని ముందు మగవాళ్ళందరూ వెళ్ళొస్తారు. నా డబ్బా మూత తీసేసరికి ఆకలి అనేది చచ్చి, దాని బదులు తలనొప్పి కూర్చుని ఉంటుంది.

ఇంటికొస్తే గింజ గురించి ఒకటే పొగడ్త. “ఎంత బుద్ధిమంతురాలో, పెట్టినచోట పడుకుని ఉంటుంది” అంటారు అత్తయ్య. “పక్కవాళ్ళ కుక్కయితే గిన్నె చప్పుడైతే చాలు ఇల్లు పీకి పందిరేస్తుంది. ఇది నోరెత్తదు. ఇంత పెట్టమని అడగదు.” మా ఆయన మీసం మీద చెయ్యి వేసుకుంటారు, అదంతా తన శిక్షణే అన్నట్టు. ఒకరోజు అమ్మాయి గింజని ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని చెవి నిమురుతూ నాతో అంది, “అచ్చం నీలాగేనమ్మా. అసలు ఏదీ అడగదు.”

మెచ్చుకోలుగానే అంది. నేను కూడా నవ్వాను. కానీ ఆ మాట నాకు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో చుట్టాలందరి ముందూ అత్తయ్య ఇదే మాట అన్నారు. “మా కోడలు ఏదీ అడగదమ్మా, పెట్టింది తింటుంది, లేకపోతే ఊరుకుంటుంది.” అప్పుడు నాకెంత సంతోషమయిందో. ఇంట్లో నాకు దొరికిన మొదటి బిరుదు అది. బిరుదు వచ్చాక దాన్ని నిలబెట్టుకోవాలి కదా. ఆకలేస్తోంది అని ఎప్పుడైనా నోటిదాకా వచ్చినా మింగేసేదాన్ని. మింగగా మింగగా నాకే తెలియకుండా పోయింది, అది ఆకలా, నీరసమా, ఊరికే దిగులా అని. పెళ్ళికి ముందు నేను అలా కాదు. స్కూల్నుంచి రాగానే చెప్పులు విడవకుండానే “అమ్మా, ఆకలి” అని అరిచేదాన్ని. ఆ అరిచే పిల్లని తలుచుకుంటే ఎవరో దూరపు బంధువు గుర్తొచ్చినట్టు ఉంటుంది. ఎక్కడుందో, ఎలా ఉందో.

ఆ ఆదివారం మా ఆడపడుచు వాళ్ళు భోజనానికొచ్చారు. పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉన్నాను. వాళ్ళు వచ్చిందే ఆలస్యంగా, వచ్చాక కబుర్లు. అమ్మాయి, ఆడపడుచు పిల్లలు గింజని ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుంటూ ఆడించారు. దాని గిన్నె నేను తీసి పెట్టబోతుంటే మా ఆయన కూర్చున్నచోటు నుంచే “ఊహూఁ, రూలు రూలే” అన్నారు. వాళ్ళ చెల్లెలి ముందు ఆ రూలు చూపించడం ఆయనకి సరదా. గిన్నె మళ్ళీ గట్టు మీద పెట్టేశాను. కాసేపటికి పిల్లలు విసుగొచ్చి దాన్ని బుట్టలో పడేసి వెళ్ళిపోయారు. అది పడుకుంది.

ఇంకో కుర్చీకి చోటు చాలక బుట్ట పక్కకి జరపడానికి వంగాను. అలికిడికి అది తల ఎత్తబోయింది. తల సగం లేచి ఒకపక్కకి ఒరిగి, ఊగి, మళ్ళీ పడిపోయింది. ఎత్తుకున్నాను. కాళ్ళు తడిబట్టలా వేలాడాయి. చెవులు చల్లగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ కళ్ళు నన్ను చూడటం లేదు. సన్నగా వణుకుతోంది.

“ఏమండీ, ఇది ఎలాగో ఉంది.”

“నిద్రలో ఉందోయ్. లేపకు” అన్నారు, తలతిప్పకుండా.

“పోనీలే అమ్మాయ్, అలిసిపోయింది పాపం. బంగారు తల్లి, ఎంత సందడిలో అయినా కిక్కురుమనదు” అన్నారు అత్తయ్య.

ఆడపడుచు మాత్రం ఒకసారి చూసి “వదినా, ఆకలేస్తోంది పిల్లలకి, వడ్డించేద్దామా?” అంది.

నేను దాన్ని చీరకొంగులో పొదువుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. ఎవరికి ఫోన్ చెయ్యాలో తోచలేదు. దాని టీకాల కార్డు మీద పశువుల డాక్టరమ్మ నెంబరుంది. చేశాను. సెలవురోజు ఎత్తరేమో అనుకున్నాను, ఎత్తారు. చెప్పింది విని ఆవిడ కంగారు పడలేదు, నన్ను పడనివ్వలేదు.

“ఒళ్ళు చల్లగా ఉందా?”

“ఉందండీ.”

“పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. ఏ రంగు?”

“పాలిపోయి ఉన్నాయి. తెల్లగా.”

“పొద్దున్నుంచీ ఏం తింది?”

“ఏం తినలేదండీ” అన్నాను.

“సరే. అది చక్కెర పడిపోవడం. ఇంట్లో తేనె ఉందా? లేకపోతే పంచదార కాసిని నీళ్ళలో చిక్కగా కలపండి. వేలికి కొంచెం రాసుకుని చిగుళ్ళకి, పెదవి లోపలివైపు రుద్దండి. కొంచెమే. నోట్లో పొయ్యకండి, స్పృహ సరిగా లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దవడలు బిగుసుకుని కొట్టుకుంటుంటే మాత్రం పళ్ళ మధ్య వేలు పెట్టకండి. బట్టలో చుట్టి ఒంటికి ఆనించుకోండి, వెచ్చబడాలి. కదలిక రాగానే తీసుకొచ్చెయ్యండి. లేచి నిలబడింది కదా అని ఊరుకోకండి, మళ్ళీ పడిపోతుంది. నేను క్లినిక్కులోనే ఉంటాను.”

పై అరలో తేనె సీసా ఉంది. అత్తయ్య పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో వేసుకునేది. వేలు ముంచి, దాని పెదవి ఎత్తి, ఆ చిన్న చిగురు మీద రుద్దాను. మళ్ళీ రుద్దాను. ఏమీ లేదు. అది నా వేలికింద మెత్తగా, చల్లగా, ఎవరిదో అన్నట్టు ఉంది. బయట కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు, “పళ్ళాలు ఎక్కడమ్మా” అంటూ అమ్మాయి గొంతు. “గింజా” అన్నాను. “అడగవే. నోరు తెరిచి అడగవే తల్లీ.” అదెవరితో అన్నానో నాకు తెలియదు. కాసేపటికి నా వేలి చివర ఏదో గరుగ్గా తగిలింది. దాని నాలుక. ఒకసారి, ఆగి, మళ్ళీ ఒకసారి. నాకు ఏడుపొచ్చేసింది.

ఏడుస్తూనే వేలికి మిగిలిన తేనె నాకేశాను. ఎందుకు నాకానో తెలియదు, చెయ్యి దానంతటదే నోటికి వెళ్ళింది. తర్వాత చెంచా కూడా వెతక్కుండా వేలు ముంచి ఇంకోసారి, ఇంకోసారి. దొంగతనంగా తినే పిల్లలా గట్టుకి ఆనుకుని నిలబడి తిన్నాను. ఒక చేతిలో అది, ఇంకో చేతిలో సీసా. పొద్దున్నుంచీ ఇంతమందికి వండానే గానీ నేనూ ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు తీసి బయటికొచ్చి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నాను.

“ఇప్పుడా? భోజనాల వేళ?” అన్నారు మా ఆయన. “తిన్నాక నేను దింపుతాగా.”

ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషి. చెప్పులు వేసుకున్నాను. “అన్నీ స్టవ్ మీదే ఉన్నాయి” అన్నాను. “వడ్డించి వెళ్ళొచ్చుగా” అని అత్తయ్య అంటున్నది మెట్ల మీద వినిపించింది. టాక్సీలో దాన్ని జాకెట్టుకి ఆనించుకుని కూర్చున్నాను. మధ్యమధ్యలో వెచ్చటి ఊపిరి తగులుతోంది, లేదనిపించినప్పుడల్లా కొంగు తీసి చూసుకున్నాను.

క్లినిక్కులో డాక్టరమ్మ దాని చెవి అంచున సూదితో గుచ్చి, రక్తపు చుక్క తీసి చూసి, పెదవి విరిచారు. దాని కాలికి సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కించారు. తర్వాత మెత్తటి తిండి వేలితో కొంచెం కొంచెంగా నాకించారు. అదంతా అయ్యాకే నావైపు తిరిగారు.

“రోజూ ఎప్పుడెప్పుడు పెడుతున్నారు?”

“మేం తిన్నాక.”

“అంటే?”

“మావారు, అత్తయ్య, పాప తిన్నాక నేను. నేను తిన్నాక అది.”

ఆవిడ చేతులు తుడుచుకున్నారు. “చూడండమ్మా, పెద్ద కుక్కయితే ఒక పూట పస్తు పెట్టినా ఒంట్లో దాచుకున్నది వాడుకుంటుంది. ఇంత చిన్నపిల్లకి దాచుకోవడానికి ఒళ్ళేది? తిన్నది తిన్నట్టే అయిపోతుంది. కడుపు ఖాళీగా ఉండి, పైగా చలో, అలసటో తోడైందంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. మొదట మందకొడిగా ఉంటుంది. తర్వాత తూలుతుంది, వణుకుతుంది. ఒళ్ళు చల్లబడుతుంది. పిలిచినా పలకదు. అక్కడ కూడా చూసుకోకపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోతుంది. ఇదివరకు ఇలా పడుకుండిపోవడం చూడలేదా?”

“చూశాం. బుద్ధిగా పడుకుందనుకున్నాం. అడగదని అందరూ మెచ్చుకునేవాళ్ళు.”

“ఈ వయసు పిల్ల అల్లరి చెయ్యాలి. గిన్నె చప్పుడైతే పరిగెత్తుకొచ్చి కాళ్ళకి అడ్డంపడాలి. నోరు మూసుకుని మూల పడుకుందంటే అది మంచితనం కాదమ్మా. దానికి అడిగే ఓపిక లేదు.”

నేను బల్ల అంచు పట్టుకున్నాను. నా వేళ్ళు చూసి “భయపడకండి, ఇప్పుడు ఫర్వాలేదు” అన్నారావిడ. భయం కాదండీ అని చెప్పాలనిపించింది. ఏమని చెప్తాను. నాకూ తూలుతుంది, నాకూ వణుకుతుంది, నా ఒళ్ళూ చల్లబడుతుంది, నన్ను కూడా మెచ్చుకున్నారు అని ఒక పశువుల డాక్టరుకి చెప్తే ఏమనుకుంటుంది. తల ఊపి ఊరుకున్నాను. కొద్దికొద్దిగా రోజంతా పెట్టాలని, పొద్దున్న లేవగానే, పడుకోబోయే ముందు తప్పనిసరి అని, ఎక్కువసేపు ఎత్తుకుని ఆడించొద్దని, కాస్త ఎదిగితే ఈ బాధ ఉండదని చెప్పారు.

సాయంత్రం దాకా ఉంచమన్నారు. బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఎవరో భార్యాభర్తలు పిల్లిని తెచ్చారు. ఆ బుట్టలోకి ఇద్దరూ ఒకేసారి తొంగిచూస్తూ మాట్లాడుకుంటున్నారు. నాకూ ఎవరితోనైనా మాట్లాడాలనిపించి ఫోన్ తీశాను. పేర్లు కిందికీ పైకీ జరిపాను. గ్యాస్ ఏజెన్సీ, స్కూలు, కుళాయి బాగుచేసేవాళ్ళు, మేనేజరు, అత్తయ్య మందుల షాపు. ఇంతమంది ఉన్నారు, ‘నాకు బాగాలేదు’ అని చెప్పగలిగిన పేరు ఒక్కటీ కనిపించలేదు. అమ్మ పోయాక ఆ నెంబరు తీసెయ్యలేక అలాగే ఉంచాను, దానిమీద వేలు ఒక క్షణం ఆగింది. అంతలో ఫోన్ మోగింది. మా ఆయన.

“ఏమోయ్, పెద్ద గరిటె ఎక్కడుంది?”

చెప్పాను. పెట్టేశారు. గింజ ఎలా ఉందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు వాళ్ళు వెళ్ళిపోయారు. సింకు నిండా గిన్నెలు. మా ఆయన అప్పటికే అన్నీ మాట్లాడేసి ఉంచారు. గింజని ఇచ్చిన మనిషికి ఫోన్ చేశారట. “మార్చి ఇంకోటి ఇస్తానన్నాడు. గట్టిదాన్ని చూసి ఇస్తాడట. వచ్చే ఆదివారం భోంచేసి తీసుకెళ్తా.”

“నిజమే, ఒంట్లో సత్తువ లేనిదాన్ని పెట్టుకుని ఏం చేస్తాం” అన్నారు అత్తయ్య.

“దానికి ఏ జబ్బూ లేదన్నారు డాక్టరు. వేళకి పెడితే చాలట” అన్నాను.

“అంత సేవ ఎవరు చేస్తారు? మనమందరం పనులున్నవాళ్ళం.” ఆయన కాలు నేలని నొక్కింది.

అమ్మాయి గింజని గుండెకి హత్తుకుని నావైపు చూసింది. “నువ్వు చెప్పమ్మా” అంది. నేను సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పాను. వెనక నుంచి అమ్మాయి ఇంకా చూస్తూనే ఉందని నాకు తెలుసు.

మర్నాడు అత్తయ్యని అడిగాను, నేనొచ్చేదాకా కాస్త మధ్యమధ్యలో గింజకి పెట్టగలరా అని. “నాకు కుక్కల సంగతి ఏం తెలుసమ్మాయ్” అన్నారు. వాదించడానికి టైం లేదు. గింజని బుట్టలో పెట్టి, వెచ్చగా పాత స్వెట్టర్ కప్పి, తిండి డబ్బాలో పోసుకుని షాపుకే తీసుకెళ్ళిపోయాను. కౌంటరు కింద నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. మేనేజరుగారు వంగి చూసి “ఇది కళ్ళద్దాల షాపా, జూ పార్కా?” అన్నారు. “కాస్త కుదుటపడేదాకా సార్” అన్నాను. కస్టమర్ల పిల్లలు దాన్ని చూడటానికి కదలకుండా నిలబడి, ఫ్రేములు బుద్ధిగా పెట్టించుకుంటున్నారని గమనించాక ఆయన మరి మాట్లాడలేదు.

దానికి పెట్టే వేళ అయినప్పుడల్లా లేచి వెనకగదిలోకి వెళ్ళాలి. అది నా వేలిమీంచి నాకుతూ ఉంటే ఊరికే చూస్తూ కూర్చోవడమెందుకని నా డబ్బా కూడా తీశాను. అది నాలుగు ముద్దలు, నేను నాలుగు ముద్దలు. “మరి కౌంటరో?” అని మేనేజరుగారు కేకేస్తే, “దీనికి ఇప్పుడు పెట్టకపోతే పడిపోతుంది సార్, డాక్టరు చెప్పారు” అనేదాన్ని. తమాషా ఏంటంటే, దాని పేరు చెప్తే అందరూ ఊరుకున్నారు. నాకు ఆకలేస్తోంది అని నేను చెప్పుకోవడానికి ఇన్నేళ్ళూ రాని నోరు దాని ఆకలి చెప్పడానికి గడగడా వచ్చేసింది.

ఆ వారంలోనే ఒకాయన వాళ్ళ తాతగారి కళ్ళజోడు పట్టుకొచ్చారు, పక్కపుల్ల ఊడింది. మధ్యాహ్నం దగ్గరపడుతోంది, నా చేతులు నన్ను మోసం చేసే వేళ. పట్టుకారుతో స్క్రూ ఎత్తి బెజ్జం మీద పెట్టాను. నిలబడింది. ఒక్కసారికే. బిగించి అద్దాలు తుడిచి ఇచ్చేశాను. ఆయన వెళ్ళిపోయాక నా రెండు చేతులూ కౌంటరు మీద చాపి చూసుకున్నాను. కదలడం లేదు. వయసు మీదపడలేదన్నమాట. ధ్యాస తప్పలేదన్నమాట. ఇన్నేళ్ళుగా నాలో ఏదో లోపముందని అందరూ అంటుంటే నేనూ నమ్మి, నన్ను నేనే తిట్టుకున్నానే. ఉత్త ఆకలి. ఇంతే. ఎవరికైనా చెప్పాలనిపించింది. వంగి కౌంటరు కింద ఉన్నదానికి చెప్పాను. అది నా బొటనవేలు కొరికింది.

గింజ మారిపోయింది. డబ్బా మూత చప్పుడైతే చాలు బుట్ట అంచు మీదికి ఎగబడుతోంది. శనివారం సాయంత్రం ఇంట్లో గిన్నె తియ్యడం కాస్త ఆలస్యమైతే మొదటిసారి మొరిగింది. మొరగడమంటే ఏముంది, తలుపు కిర్రుమన్నంత. దానికే మా ఆయన పేపరు దించి, “చూశావా, నెత్తికెక్కుతోంది” అన్నారు. “పోతే పోయింది, రేపు ఇచ్చేస్తాంగా.”

ఆదివారం మామూలుగానే వండాను. మామూలుగానే టేబుల్ మీద అన్నీ సర్దాను. కారు తాళాలు ఆయన ముందే తెచ్చి నీళ్ళగ్లాసు పక్కన పెట్టుకున్నారు. చేతులు కడుక్కుని రావడానికి లేచారు. అత్తయ్య గదిలోంచి వస్తున్నారు. అమ్మాయి పిలవకుండానే వచ్చి కుర్చీలో కూర్చుంది, ఏడ్చినట్టుంది మొహం.

నేను గింజ గిన్నె నింపి నా కుర్చీ కాలి దగ్గర పెట్టాను. అది తోక ఊపుకుంటూ వచ్చి మూతి ముంచింది. తర్వాత ఒక పళ్ళెం తీసుకుని, గిన్నెల్లో అడుగునవి కాదు, పైనుంచి, మొదటి గరిటె నాకు వడ్డించుకున్నాను. కూర్చున్నాను. తినడం మొదలుపెట్టాను.

మా ఆయన తువ్వాలు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయారు. “ఏంటిది?”

“భోజనం” అన్నాను.

“ఇంకా ఎవరూ కూర్చోలేదు.”

“గిన్నెలన్నీ టేబుల్ మీదే ఉన్నాయి, కూర్చోండి. గింజని మాత్రం ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు. దానికి లోపమేమీ లేదు. ఆకలేసింది, మనం పెట్టలేదు. అంతే.”

“కుక్కకి ముందు పెట్టమన్నారు డాక్టరు, సరే. నీక్కూడా చెప్పారా?”

వెటకారమే అది. ఆయన కాలు నేలమీద నొక్కుకోవడం కూర్చున్నచోటు నుంచే నాకు స్పష్టంగా కనిపించింది. అంత గట్టిగా నొక్కడం ఎప్పుడూ చూడలేదు. నేను నోట్లో ముద్ద నమిలి మింగేదాకా ఆగాను. తొందరేం లేదనిపించింది.

“నాకెవరూ చెప్పలేదు” అన్నాను. “అది కళ్ళు తేలేసిన రోజు చూడటానికి నేనున్నాను. నాకు కళ్ళు తిరిగి ఆ స్టవ్ ముందు పడిపోయిన రోజు మీరు కాఫీ ఏమైందని అడిగారు.”

కింద గింజ గిన్నె నాకుతున్న చప్పుడు ఒక్కటే. ఆయన “ఎప్పుడు?” అన్నారు, చిన్నగా. ఆయనకి నిజంగానే తెలియదు. తెలియకపోవడం ఆయన తప్పు కాదని అంతకుముందయితే నేనే సర్దిచెప్పేదాన్ని. ఈసారి చెప్పలేదు.

అమ్మాయి లేచి తాళాలు తీసుకెళ్ళి గోడకున్న మేకుకి తగిలించి వచ్చింది. తన పళ్ళెం తనే తీసుకుని నా పక్క కుర్చీలో కూర్చుని, “నాకూ బాగా ఆకలేస్తోందమ్మా” అంది, పెద్దగా.

అత్తయ్య నా పళ్ళెంలోకి చూస్తూ నిలబడ్డారు. కోపమో ఇంకేమిటో పోల్చుకోలేకపోయాను. ఆవిడ కూడా ఈ ఇంట్లో ఏళ్ళ తరబడి గరిటె పట్టుకుని నిలబడిన మనిషే. చివరికి కుర్చీ వీపు పట్టుకుని, మెల్లిగా అడిగారు.

“ఉప్పు సరిపోయిందా అమ్మాయ్?”

రోజూ నేనడిగే ప్రశ్న అది. నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇంకో ముద్ద తిని చూశాను.

“సరిపోయింది అత్తయ్యా. వేడిగా ఉంది” అన్నాను. నా వంట వేడిగా ఉంటే ఎలా ఉంటుందో ఈ ఇంటికొచ్చాక నాకు తెలియడం అదే మొదటిసారి.